డిస్క్రిప్టివ్ మాటలు నిషేధం

ముందే ఒప్పేసుకుంటున్నా. నేను ఇంటర్లో ఎంపీసీ తీసుకుంది లెక్కల మీద ప్రేమతో కాదు. జువాలజీ రికార్డులో బొద్దింక బొమ్మ వెయ్యడం నా వల్ల కాదని తెలిసి. మా అక్క రికార్డులో ఆ మీసాలూ, ఆ కాళ్ళూ, ప్రతి కాలికీ ఒక గీత లాగి పక్కన పేరు రాయడం చూశాక, కంప్యూటరుకైతే కాళ్ళుండవు కదా అని అటెళ్ళిపోయా.

ఏం లాభం? బీటెక్ అయ్యాక దొరికిన ఉద్యోగం మళ్ళీ ఆ బొద్దింకల వాళ్ళ దగ్గరే. విజయవాడ శివార్లలో, హైవే పక్కన ఒక మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ అకాడమీ. పేరు చెప్పను. హాస్టలూ, క్లాసులూ, మెస్సూ అన్నీ ఒకే కాంపౌండులో. అందులో సాఫ్ట్‌వేర్ పనంతా నాదే. పిల్లలు నన్ను సాఫ్ట్‌వేరక్క అంటారు. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, అది వేరే సంగతి.

ఇంటర్ అయ్యాక ఎంట్రన్స్ మళ్ళీ మళ్ళీ రాసే ఈ లాంగ్‌టర్మ్ పిల్లలుంటారే, వీళ్ళదో ప్రత్యేకమైన ప్రపంచం. సీటు రాకముందే ఒకళ్ళనొకళ్ళు డాక్టరని పిలుచుకుంటారు. "డాక్టరూ, కుళాయి కింద నీ బకెట్ తియ్యవే" అని పొద్దున్నే వినబడుతుంది. వయసుకి విలువ లేదు. ఎన్నోసారి రాస్తున్నారన్నదే లెక్క. మూడో లాంగ్‌టర్మ్ వాళ్ళు నడిచొస్తుంటే మొదటి లాంగ్‌టర్మ్ వాళ్ళు గోడకి అతుక్కుని దారిస్తారు. కోపం వస్తే "ఛీ, బద్దెపురుగా" అని తిట్టుకుంటారు. ఎవరైనా నచ్చితే "వాడు కనిపిస్తే నాకు టాకికార్డియా వస్తోందే" అంటారు. ఇక ఓఎంఆర్ షీట్లు నింపే అలవాటుకి, గుండ్రంగా ఏది కనిపించినా నల్ల పెన్నుతో నింపకుండా ఉండలేరు. మా నోటీసుబోర్డు మీద సున్నా అన్న ప్రతిచోటా నల్లటి చుక్కే. ఒకసారి కరెంటు బిల్లులో సున్నాలు కూడా నింపేశారు. అకౌంటెంటు గారు ఏడవడం ఒక్కటే తక్కువ.

నాకిదంతా ముచ్చటగానే ఉండేది. మా డీన్ ఆదిశేషు గారికే సరిపడలేదు.

ఒకరోజు రివిజన్ క్లాసులో ఆయన ఒక అమ్మాయిని లేపి మూత్రపిండాల పనేంటని అడిగారు. ఆ పిల్ల "మా నానమ్మకి మొన్న కిడ్నీలో రాయొచ్చింది సార్" అని మొదలుపెట్టింది. నానమ్మని నరసరావుపేట ఎలా తీసుకెళ్ళారు, ఆటోవాడు ఎంతెక్కువ అడిగాడు, ఇవన్నీ అయ్యి అసలు మూత్రపిండాల దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొట్టారు. డీన్ గారు స్టాఫ్ రూముకొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"వీళ్ళకి డిస్క్రిప్టివ్ జబ్బు పట్టుకుందయ్యా. పరీక్ష ఆబ్జెక్టివ్, బతుకేమో డిస్క్రిప్టివ్. ఇట్టా అయితే ర్యాంకులెట్టా వస్తాయి?"

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ఆయన మాట్లాడేది కృష్ణా జిల్లా తెలుగు, రాసేది మాత్రం వేరే రాజ్యం తెలుగు.

"విద్యార్థినీ విద్యార్థుల ఆలోచనా సరళిని వస్తునిష్ఠ పద్ధతిలోనికి మార్చు నిమిత్తము, సోమవారం నుండి ప్రాంగణమునందు వర్ణనాత్మక సంభాషణ నిషేధించడమైనది. ఇకపై ప్రతి సంభాషణయు ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్ల రూపమున జరుగవలెను. సరైన సమాధానమునకు ప్లస్ నాలుగు. తప్పునకు, మరియు ఆప్షన్లకు వెలుపల మాట్లాడినందులకు మైనస్ ఒకటి. వదిలివేసినచో సున్న. సదరు మార్కులు వారాంతపు ర్యాంకునందు కలుపబడును."

దానికి యాప్ నేనే రాశాను. వార్డెన్లకి తలో ట్యాబ్ ఇచ్చాం. ఎవరు ఆప్షన్ బయట నోరు తెరిచినా పేరు మీద నొక్కడమే. డీన్ గారు నా పక్కనే కూర్చుని అసలు పరీక్షలో ఉన్నవన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నారు.

"అమ్మాయ్, జవాబుల కీ మీద అబ్జెక్షన్ పెట్టుకునే బటన్ ఏది?"

"అది కూడా కావాలా సార్? హాస్టల్లో మాట్లాడుకోవడానికి కీ ఏంటి, అబ్జెక్షనేంటి?"

"అసలు పరీక్షలో ఉందా లేదా? ఉంటే మన దగ్గరా ఉండాల్సిందే. పిల్లలకి ఏ లోటూ రాకూడదు."

పెట్టాను.

మొదటి ఇబ్బంది మెస్సులో వచ్చింది. వంటాయన సాంబయ్య గారి దగ్గరున్నది దోసకాయ పప్పొక్కటే. ఆప్షన్లేమో నాలుగు కావాలి. ఆయన కాసేపు తల గోక్కుని బోర్డు మీద రాశాడు. ఏ) దోసకాయ పప్పు. బి) పప్పులో దోసకాయ. సి) ఏ, బి రెండూ. డి) పైవేవీ కావు.

లైను కదల్లేదు.

"డాక్టరూ, సి పెట్టవే. రెండూ ఒకటే కదా."

"ఒకటెట్టా అవుద్ది? దోసకాయ పప్పంటే అదొక పదార్థం. పప్పులో దోసకాయంటే దోసకాయ ఎక్కడుందో చెప్తున్నాడు. అడిగింది కూర పేరు. ఏ కరెక్టు."

"అసలు నిన్న పప్పులో దోసకాయ ముక్క ఎవరికైనా తగిలిందా? డి!"

"తల్లుల్లారా, అన్నం చల్లారిపోతంది, ఏదో ఒకటి అనండమ్మా," అన్నాడు సాంబయ్య గారు. ఆయన స్టాఫ్ కాబట్టి మైనస్ పడలేదు.

పప్పు కలియబెట్టి చూస్తే డి అన్న అమ్మాయిదే కరెక్టని తేలింది. ప్లస్ నాలుగు వచ్చాయి. కూర రాలేదు.

రెండో వారానికల్లా పిల్లలకి దారి దొరికింది. ఈ పిల్లలకి మొదటి రోజు నుంచీ నూరిపోసే సూత్రం ఒకటుంది: డౌటుంటే వదిలెయ్. తప్పు రాస్తే మార్కు పోతుంది, వదిలేస్తే ఏమీ పోదు. దాన్నే ఇక్కడా వాడేశారు. "బాగున్నావా?" అంటే నూటికి నూరుపాళ్ళు ఖాయంగా చెప్పగలమా? డౌటే. వదిలెయ్. "ఆకలేస్తోందా?" డౌటే. "నీ చెప్పులేనా ఇవి?" చూడ్డానికి నావిలాగే ఉన్నాయి గానీ, ఎందుకొచ్చిన గొడవ, వదిలెయ్. ఎనిమిది వందల మంది పిల్లలున్న హాస్టల్లో ఫ్యాన్లు తిరిగే చప్పుడు వినబడటం మొదలైంది. రెండు జతల చెప్పులు వారం రోజులుగా మెట్ల మీదే ఉండిపోయాయి.

అప్పుడే చైర్మన్ గారు తనిఖీకొచ్చారు. పిల్లలందర్నీ గ్రౌండులో కూర్చోబెట్టి మైకందుకున్నారు.

"పిల్లలూ, మీకేమైనా ఇబ్బందులున్నాయా? మొహమాటపడకుండా చెప్పండి."

ఆప్షన్లివ్వలేదు కదా. ఒక్కళ్ళూ కదల్లేదు. చైర్మన్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇరవై ఏళ్ళుగా విద్యాసంస్థలు నడుపుతున్నాను. ఒక్క కంప్లైంటు కూడా లేని క్యాంపస్ ఇదేనయ్యా," అని డీన్ గారికి శాలువా కప్పారు.

మామూలుగా మాట్లాడుకునే చోటు క్యాంపస్ మొత్తం మీద ఒక్కటే మిగిలింది, నా సర్వర్ రూము. ఏసీ మోతకి వార్డెన్లు ఆ చుట్టుపక్కలకి రారు. ప్రింటు కావాలని చెప్పి పిల్లలు ఒకళ్ళొకళ్ళే వచ్చి, నేల మీద కూర్చుని, తనివితీరా ఏదో ఒకటి వాగి వెళ్ళేవాళ్ళు.

వాళ్ళలో ఇందుజ అందరికంటే పెద్ద వాగుడుకాయ. రెండో లాంగ్‌టర్మ్. వాళ్ళది వినుకొండ. నాన్న బస్టాండు ఎదురుగా టైలరు. ఆ పిల్లకొచ్చినన్ని మైనస్సులు క్యాంపస్‌లో ఎవరికీ రాలేదు.

"నీ నోరు ఊరుకోదేంటే?" అన్నా ఒకసారి.

"ఏం చెయ్యనక్కా? మొన్న వార్డెన్ మేడమ్ 'కిటికీలో ఏం చూస్తున్నావు, ఏ) చెట్టు, బి) ఆకాశం, సి) అబ్బాయిలు, డి) పైవన్నీ' అంది. నేను చూసేది గోడవతల గేదెని. దాని ఎడమ వెనక కాలు పట్టేసింది. మూడ్రోజుల నుంచి దాన్ని ఎవడూ పట్టించుకోట్లేదు. ఆ ముక్క చెప్పా. మైనస్ ఒకటి."

"ఆ గేదె గొడవ నీకెందుకు?"

"నాకదే కావాలక్కా. మనుషుల డాక్టరు అవ్వాలని ఇంట్లో వాళ్ళూ వీళ్ళూ అంటే వచ్చా గానీ, నేను పెట్టింది పశువుల డాక్టరు కాలేజీకి కూడా. పోయినేటి ర్యాంకు మీద. కౌన్సెలింగ్ చివరి రౌండు ఇంకా ఉంది. ఎవరికీ చెప్పకు. ఇక్కడ తెలిస్తే నన్ను మొదటి లాంగ్‌టర్మ్ వాళ్ళు కూడా డాక్టరనరు."

ఆ తర్వాత, పిల్లలకి ఇళ్ళ నుంచి ఫోన్లొచ్చే రోజున నేను ఆఫీసులోనే ఉన్నా, ప్రింటరు పని మీద. తల్లిదండ్రులు కూడా ఆబ్జెక్టివ్‌గానే మాట్లాడాలని వాళ్ళకి ముందే మెసేజులు వెళ్ళాయి. వార్డెన్ మేరీ కమల గారు స్పీకర్ పెట్టి, చేతిలో ట్యాబ్ పట్టుకుని కూర్చున్నారు. ఇందుజ వాళ్ళ నాన్న లైన్లోకొచ్చాడు.

"హలో. ఇందూ. నాన్నని. ప్రశ్నమ్మా. ఏ) సీటొచ్చింది. బి) సీటొచ్చింది. సి) సీటొచ్చింది తల్లీ! డి) పైవన్నీ."

"నాన్నగారూ, ఆప్షన్లు నాలుగూ వేరువేరుగా ఉండాలి," అన్నారు వార్డెన్.

"వేరేవి ఏడ్నుంచి తేను మేడమ్? వచ్చింది ఒకటేగా."

"నాన్నా, పశువులదేనా?" అని అరిచింది ఇందుజ. టక్కున మైనస్ ఒకటి.

"అదేనమ్మా! రేపు సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకెళ్ళి చేరాలంట. లేకపోతే సీటు వేరేవాళ్ళకి పోద్దంట. నేను తిన్నగా ఆ కాలేజీ దగ్గరికే వస్తా. నువ్వు అవి తీసుకుని బయల్దేరు." ఆ మాటలకి ఎన్ని మైనస్సులు వెయ్యాలో తెలీక వార్డెన్ గారు ట్యాబ్ పక్కన పెట్టేశారు.

చిక్కంతా ఆ ఒరిజినల్స్ దగ్గరే. పిల్లలు చేరేటప్పుడే అవన్నీ మా వాళ్ళు తీసుకుని బీరువాలో పెడతారు. తిరిగి ఇవ్వాలంటే శాశ్వత ఔట్‌పాస్ కావాలి. అది కావాలంటే ఆఫీసు మిషన్లో ప్రశ్నకి జవాబివ్వాలి. ప్రశ్న రాసింది డీన్ గారే.

"అకాడమీ నుండి శాశ్వతముగా వైదొలగుటకు కారణము? ఏ) నయంకాని జబ్బు. బి) పెళ్ళి కుదురుట. సి) తండ్రిగారికి బదిలీ. డి) ఏ, బి, సి మూడూ."

ఇందుజ మిషన్ ముందు నిలబడి మూడుసార్లు చదివింది. అప్పుడు నాకు వెలిగింది. సీటు తెప్పించడం కోసమే పెట్టిన అకాడమీలో, సీటొచ్చి వెళ్ళిపోతున్నానని చెప్పే ఆప్షన్ లేదు.

ఇద్దరం డీన్ గారి గదికి పరిగెత్తాం.

"సార్, ఇందుజకి వెటర్నరీ సీటొచ్చింది. రేపే చివరి రోజు. ఒక ఆప్షన్ కలిపేస్తాను సార్, రెండు నిమిషాల పని," అన్నా.

"ఐదో ఆప్షనా?" ఆయన నన్ను నేనేదో బూతు మాట అన్నట్టు చూశారు. "అమ్మాయ్, ఏ పరీక్షలోనైనా ఐదో ఆప్షన్ చూశావా? ఇయ్యాళ ఐదంటావు, రేపు ఆరంటారు. వ్యాసం రాసుకోమన్నట్టే ఇంక."

"పోనీ మీరు సంతకం పెట్టి..."

"సంతకం డిస్క్రిప్టివ్." ఆయన ఇందుజ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "చూడమ్మా, ఉన్నవాటిల్లో నీకేదో ఒకటి సరిపోద్ది. కొట్టేసుకుంటూ రా. నయంకాని జబ్బేమైనా ఉందా?"

"లేదు సార్."

"నాన్నకి బదిలీ?"

"ఆయన టైలర్ సార్. మిషనూ ఆయనా పదిహేనేళ్ళ నుంచి ఆ బంకులోనే ఉన్నారు. ఎవరు బదిలీ చేస్తారు?"

"అయితే మిగిలింది బి. ఎవరో ఒక అబ్బాయిని చూసి సాయంత్రానికి కుదుర్చుకుంటే శుభలేఖ చూపించి వెళ్ళిపోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు. రూలు ఆడపిల్లలకి అనుకూలంగానే రాశాను."

బయటికొచ్చాక ఇందుజ మెట్ల మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని భయపడ్డా. కళ్ళు మూసుకుంది గానీ ఏడుపు కాదది, లెక్క వేసుకుంటోంది.

"అక్కా, పోయిన నెల గ్రాండ్ టెస్టులో ఫిజిక్సు ప్రశ్న తప్పొచ్చింది గుర్తుందా? నాలుగిట్లో ఒక్కటీ కరెక్టు కాదని అబ్జెక్షన్ పెడితే ఏం చేశారు?"

"ప్రశ్న తీసేసి అందరికీ మార్కులు కలిపారు."

"మరి ఈ ప్రశ్నలో నాకు కరెక్టు ఆప్షన్ ఏదక్కా?"

నేను దాని మొహంలోకి చూశా. ఇద్దరం సర్వర్ రూముకి పరిగెత్తాం. అంతవరకు ఎవరూ ముట్టుకోని ఆ అబ్జెక్షన్ బటన్ నొక్కింది ఇందుజ. ఆధారంగా, నా కంప్యూటర్లోనే తీసుకున్న సీటు వచ్చిన కాగితం జత చేసింది.

అబ్జెక్షన్ వచ్చిందంటే కీ కమిటీ కూర్చోవాల్సిందే. డీన్ గారు దాన్ని చూసి కోప్పడతారనుకున్నా. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, ఒరిజినల్ పరీక్ష వాతావరణం అంటే ఇదీ," అన్నారు.

మర్నాడు పొద్దున్నే కమిటీ కూర్చుంది. ఫిజిక్సు, బోటనీ, జువాలజీ తలా ఒకరు, పైన డీన్ గారు. మూలన కంప్యూటరు దగ్గర నేను. బయట బెంచీ మీద సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని ఇందుజ. మధ్యాహ్నం బస్సు దొరక్కపోతే ఇక ఆ సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"నన్నడిగితే ఈ ప్రశ్న సిలబస్‌లోనే లేదు," అన్నారు బోటనీ సార్.

"డి ఎట్టా పెట్టారండీ అసలు?" అన్నారు జువాలజీ మేడమ్. "నయంకాని జబ్బున్న పిల్లకి పెళ్ళెలా కుదురుద్ది?"

"కుదరచ్చు మేడమ్. నాన్నకి బదిలీ అయింది కదా. కొత్త ఊళ్ళో జబ్బు సంగతి ఎవరికీ తెలీదు," అన్నారు ఫిజిక్సు సార్.

ఆ పెళ్ళికొడుకు వాళ్ళకి తర్వాత తెలిస్తే ఏమవుతుందన్న దాని మీద చాలాసేపు నడిచింది. బదిలీ తాత్కాలికమా శాశ్వతమా అన్నది ప్రశ్నలో ఇవ్వలేదని ఫిజిక్సు సార్ పట్టుబట్టారు. టీలొచ్చాయి. నేను తలుపు సందులోంచి ఇందుజని చూడటం, గడియారం చూడటం. చివరికి డీన్ గారు గొంతు సవరించుకున్నారు.

"కమిటీ నిర్ణయం. అభ్యర్థిని పరిస్థితికి తగిన సరైన ఆప్షన్ ప్రశ్నలో లేదు. ప్రశ్న లోపభూయిష్టం. పరీక్షా నియమం ప్రకారం ప్రశ్న రద్దు చేసి అందరికీ పూర్తి మార్కులు ఇవ్వవలెను."

"సార్," అన్నా, "ఇక్కడ పూర్తి మార్కులంటే శాశ్వత ఔట్‌పాస్. అందరికీ అంటే ఎనిమిది వందల మందికీ. సర్టిఫికెట్లతో సహా. ఇందుజ ఒక్కదానికి ఇచ్చేస్తే..."

"ఒక్కళ్ళకి ఎట్టా ఇస్తామమ్మాయ్? పక్షపాతం కాదూ? కోర్టుకెళ్తారు. అందరికీ అంటే అందరికీ. నొక్కు."

నొక్కాను. రెండోసారి చెప్పించుకోలేదు.

ఆఫీసు మిషన్ కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. బీరువా తెరిచి పేర్లు పిలవమన్నారు. మొదటి కవరు ఎవరిదివ్వాలో గుమాస్తాకి నేను ముందే చెప్పి ఉంచాను. ఇందుజ దాన్ని గుండెలకి హత్తుకుని, నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, సూట్‌కేసు చక్రం ఒకటి ఊడిపోతే దాన్ని ఎత్తుకుని పరిగెత్తింది. రోడ్డు మీద బస్సుని చెయ్యడ్డం పెట్టి ఆపేయడం గేటు దగ్గర్నుంచి చూశా.

దాని వెనకాలే మిగతా అకాడమీ అంతా బయటికొచ్చింది. చేతిలో ఒరిజినల్స్, ఎదురుగా హైవే. ఎటెళ్ళాలో తెలీలేదు పాపం. గేటవతల పునుగుల బండి ఉంటే దాని చుట్టూ చేరారు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు బండాయన.

అందరూ ఆయన్నే చూస్తూ నిలబడ్డారు. ఎవరూ నోరు తెరవరు. ఆయన భయపడిపోయాడు.

"పునుగులున్నాయి, బజ్జీ ఉంది, గారె ఉంది..."

"నాలుగోది?" అంది ఒకమ్మాయి.

"నాలుగోదేం లేదమ్మా. మూడే."

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నేనే వెళ్ళి "నాలుగోది మంచినీళ్ళు అనవయ్యా" అని ఆయనకి చెప్పాల్సొచ్చింది. అప్పుడు కదిలింది లైను. ఆయన మూకుడు మధ్యాహ్నానికే ఖాళీ అయిపోయింది.

సాయంత్రానికి కొంతమంది అమ్మానాన్నలొచ్చి తీసుకెళ్ళారు. మిగతా వాళ్ళందరూ వచ్చిన దారినే లోపలికెళ్ళి, గుమాస్తాకి సర్టిఫికెట్లు తిరిగిచ్చేసి, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. ఆదివారం గ్రాండ్ టెస్టు ఉంది కదా. డీన్ గారు వరండాలో నిలబడి లెక్కపెట్టుకుని, "చూశావా అమ్మాయ్, గేట్లు తెరిచినా పోలేదు. ఇదీ మన అకాడమీ మీద నమ్మకం," అన్నారు. మరుసటి వారం హైవే మీద ఫ్లెక్సీ లేచింది: ఔట్‌పాస్‌లో నూరు శాతం ఉత్తీర్ణత.

ఇందుజ వెళ్ళిన రోజు రాత్రి, భోజనాల వేళకి నాకు కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. ఇందుజ.

"అక్కా! చేరిపోయా!"

వెనకాల వాళ్ళ నాన్న ఎవరితోనో చెప్తున్నాడు, "మా అమ్మాయేనండీ, మా అమ్మాయే," అని.

"బస్సు దారిలో టైరు పంచరైందక్కా. గేటు దగ్గర నాన్నని కలిసి ఇద్దరం వెళ్ళేసరికి ఆఫీసాయన తలుపుకి తాళం వేస్తున్నాడు. తాళం చెవి చేతిలో ఉంది. నన్ను చూసి ఆగాడు. ఆయాసపడుతున్నా కదా, సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని. 'ఏమైందమ్మా, ఎందుకింత ఆలస్యం?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ముందు వదిలేద్దామనుకున్నా. అలవాటైపోయింది కదా. ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడక్కా. ఆప్షన్లేమీ ఇవ్వట్లేదు. ఊరికే, ఏం చెప్తానా అని చూస్తున్నాడు. ఇక మొదలుపెట్టా. మా గోడవతల గేదె దగ్గర్నుంచి. ఆయన తాళం తీసి, ఫ్యానేసి, కూర్చోమని, కాగితాలు రాస్తూనే విన్నాడు. అన్నీ అయిపోయాక కూడా లేవలేదు. 'ఇంతకీ ఆ గేదెకి ఎలా ఉందమ్మా?' అన్నాడు."

 

ఇదండీ సంగతి. మీరు కూడా ఇలాంటి హాస్టల్లో, ఇలాంటి రూళ్ళ మధ్య చదువుకునే ఉంటారు. ఏ గేటు దగ్గర ఏం చెప్పి బయటపడ్డారో నాకు రాయండి. క్లుప్తంగా రాయకండి. మీ నానమ్మ కిడ్నీలో రాయి దగ్గర్నుంచి మొదలుపెట్టినా ఫర్లేదు, ఆటోవాడు ఎంతడిగాడో కూడా రాయండి. నేను మొత్తం చదువుతాను.